వాయిదాల్లో తెలిసే నష్టం: పగడపు దిబ్బలు, దీవుల బతుకు

చెన్నై జార్జిటౌన్‌లో, మన్నడి దగ్గర ఒక ఇరుకు వీధి ఉంది. పేరు కోరల్ మర్చంట్ స్ట్రీట్. తమిళంలో పవళక్కార తెరు, అంటే పగడాలవాళ్ల వీధి. పదిహేడో శతాబ్దంలో లండన్ నుంచి, ఇటలీలోని లివోర్నో నుంచి వచ్చిన యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు ఎర్ర పగడాలను మద్రాసులో దించి, బదులుగా గోల్కొండ వజ్రాలు కొనుక్కుపోయేవారు. తెలుగు ఇళ్లలో పుస్తెల తాడుకు నల్లపూసల మధ్య గుచ్చే పగడం, కుజదోషమని ఉంగరంలో పెట్టించుకునే పగడం ఆ జాతివే. పగడం అనగానే మన కళ్ల ముందు మెదిలే ఎరుపు ఆ ఎరుపే. పగడపు దిబ్బ అన్న మాటకు కూడా దాన్నే అంటగట్టి ఊహించుకుంటాం.

రెండూ ఒకటి కావు. నగల పగడం వెలుతురు సరిగ్గా చేరని చోట, రాతి గోడలను పట్టుకుని, ఏడాదికి మిల్లీమీటరు మందం కూడా పెరగకుండా బతుకుతుంది. అది దిబ్బలు కట్టదు. దిబ్బ కట్టే పగడాలు ఎండ బాగా తగిలే లోతు తక్కువ నీళ్లలో ఉంటాయి. చాలావాటి రంగు గోధుమ, లేకపోతే పాలిపోయిన ఆకుపచ్చ. చచ్చి ఎండితే మిగిలేది తెల్లటి సున్నపురాయి. నగల కొట్టులో దానికి అణా విలువ ఉండదు. లక్షద్వీప్‌లో 2011 జనగణన లెక్కలో ఉన్న 64,473 మంది కాపురాలు మాత్రం ఆ సున్నపురాయి మీదే ఉన్నాయి.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, ఇటు చెన్నై దాకా, తీరం పొడుగునా చెప్పుకోదగ్గ పగడపు దిబ్బ ఒక్కటీ లేదు. గోదావరి, కృష్ణ వరదల్లో తెచ్చి పోసే ఒండ్రు నీటిని మసకబరుస్తుంది. ఆ వరద నీరే సముద్రపు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. పగడానికి ఈ రెండూ పడవు. అందుకని మన తీరంలో వేటకెళ్లేవాళ్లకు అల సంగతి, ఇసుక సంగతి తెలిసినంతగా దిబ్బ సంగతి తెలియాల్సిన అవసరం రాలేదు. అండమాన్ వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లకు వచ్చింది. అక్కడి జనాభాలో 2011 లెక్క ప్రకారం సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన చేపలవేట కుటుంబాలు అందులో చాలానే ఉన్నాయి. చెన్నై నుంచి రెండు గంటల విమానం ఎక్కి వెళ్లే పర్యాటకుడు అద్దం అడుగున్న పడవలోంచి చూసేది రంగులు. అక్కడే ఉండిపోయినవాళ్లకు ఆ రంగులతో పెద్ద పని లేదు. వాళ్లకు దిబ్బ అంటే ఇంటి ముందు అల ఎంత ఎత్తున వస్తుంది, వలలో ఏం పడుతుంది, బావిలో నీళ్లు ఎలా ఉంటాయి అన్న లెక్క.

నేల ఎక్కడి నుంచి వచ్చింది

పగడం మొక్క కాదు, జంతువు. పాలిప్ అనే చిన్న జీవి, చాలా జాతుల్లో కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. దాని కణజాలంలో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండతో ఆహారం తయారుచేసి పాలిప్‌కు కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా అందిస్తుంది. పాలిప్ నాచుకు చోటు, ఎరువు ఇస్తుంది. ఆ శక్తితోనే పాలిప్ సముద్రపు నీటిలోంచి కాల్షియం తీసుకుని తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. బండలా గుండ్రంగా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగేవి పది సెంటీమీటర్లు, అంతకు మించి కూడా పోతాయి. ఇలా ఒకదాని మీద ఒకటి వేల ఏళ్లు పేరుకున్నదే దిబ్బ.

లక్షద్వీప్, మాల్దీవుల కింద ఒకప్పటి అగ్నిపర్వతాల శ్రేణి ఉంది. ఆ కొండలు మెల్లగా కుంగిపోతుంటే వాటి అంచున పగడం పైపైకి కట్టుకుంటూ పోయి చివరికి ఉంగరం ఆకారం మిగిలిందని చార్లెస్ డార్విన్ 1842లో చెప్పాడు. మూలసూత్రం ఇప్పటికీ నిలబడింది. ఆ ఉంగరం మీద చేరిన ఇసుక మేటే దీవి. అధికారిక లెక్కలో లక్షద్వీప్‌లో 36 దీవులు, జనం ఉండేవి 10, మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. చాలాచోట్ల సముద్రం మీద ఎత్తు ఒకటి రెండు మీటర్లే.

అక్కడ నది లేదు, కొండ లేదు, ఒండ్రు లేదు. ప్రతి ఇసుక రేణువూ ఏదో ఒక ప్రాణి ఒంట్లోంచి వచ్చిందే: విరిగిన పగడం, గవ్వ, సున్నం పేరుకునే నాచు, కంటికి ఆనని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులు. వీటన్నిటికంటే విచిత్రమైన వనరు చిలకచేప. దాని పళ్లు ముక్కులా అతుక్కుని ఉంటాయి. నాచు కోసం దిబ్బను కొరుకుతుంది. సున్నం కూడా లోపలికి పోతుంది, గొంతులోని దవడల్లో నలుగుతుంది, మెత్తటి తెల్ల ఇసుకగా బయటికొస్తుంది. పెద్ద చేప ఒక్కటి ఏడాదిలో వందల కిలోల ఇసుక వదలగలదు. మాల్దీవుల్లోని వక్కరు దీవి దగ్గర చేసిన లెక్కలో, దిబ్బ మీద కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల పనేనని తేలింది. హనీమూన్ ఫొటోల్లో కనిపించే ఆ తెల్లటి తీరంలో ఎక్కువ భాగం చేప పేడ అన్నమాట.

ఈ సంగతి తెలిస్తే ‘సముద్రం పెరుగుతోంది, దీవులు మునుగుతాయి’ అన్న వార్త సగమే నిజమని అర్థమవుతుంది. తువాలులోని దీవులను 1971 నుంచి 2014 దాకా ఉపగ్రహ, విమాన చిత్రాల్లో పోల్చి చూస్తే, సముద్రమట్టం పెరుగుతున్న ఆ కాలంలోనే మొత్తం నేల 2.9 శాతం పెరిగింది. కొన్ని తగ్గాయి, ఎక్కువ దీవులు పెరిగాయి. దిబ్బ ఇసుకను తయారుచేస్తూ, అలలు దాన్ని ఒడ్డుకు చేరుస్తూ ఉన్నంత కాలం దీవి కొంత మేరకు తనను తాను ఎత్తు చేసుకోగలదు. ఆ సరఫరా ఆగిన దీవికి ఆ వెసులుబాటు లేదు. లక్షద్వీప్‌లో బంగారం అనే దీవి పక్కనున్న పరళి-1 అనే జనంలేని చిన్న దీవి పూర్తిగా కోసుకుపోయింది.

కాకపోతే ఇసుక తయారవడం ఒక్కటే చాలదు, దాని దారి దానికి ఉండాలి. ఇది చెన్నైవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బరు గోడలు కట్టాక తీరం వెంబడి ఉత్తరానికి పోయే ఇసుక దక్షిణం పక్క ఆగిపోయి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం, కాసిమేడు వైపు తీరం కోసుకుపోయి బండరాళ్లు పోయాల్సి వచ్చింది. మూడు కిలోమీటర్ల పొడవున్న దీవిలో టెట్రాపాడ్లు అనే నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు పేర్చినా, జెట్టీ కట్టినా జరిగేది ఇదే, ఇంకా చిన్న స్థలంలో, ఇంకా త్వరగా. ఒక మొన దగ్గర ఇసుక ఆగుతుంది, రెండో మొన దగ్గర కొబ్బరిచెట్లు వేళ్లతో సహా వాలిపోతాయి. అక్కడి ఇసుక రుతువును బట్టి దీవి చుట్టూ తిరుగుతుంటుంది. నైరుతి రుతుపవనాల్లో ఒక పక్క పోయింది ఈశాన్య రుతుపవనాల్లో తిరిగొస్తుంది. జూలైలో కోత చూసి భయపడి గోడ కట్టేస్తే జనవరిలో తిరిగి రావాల్సిన ఇసుక రాదు.

అల ఎక్కడ విరుగుతుంది

దిబ్బ అంచున, సముద్రం వైపు ఒక గట్టులాంటి భాగం ఉంటుంది. ఆటు సమయంలో అది దాదాపు నీటి పైకి తేలుతుంది. లోతు నుంచి వచ్చే అల మొదట విరిగేది అక్కడే. ఆ వెనక బల్లపరుపుగా ఉండే దిబ్బ తలం, దాని వెనక నిలకడ నీళ్ల లగూన్, ఆ తర్వాత ఒడ్డు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన కొలతలన్నీ కూర్చి 2014లో వేసిన లెక్క ప్రకారం దిబ్బ అల శక్తిని సగటున 97 శాతం తగ్గిస్తుంది. అందులో 86 శాతం పని ఆ గట్టుదే.

ఇక్కడ కాస్త గణితం చూస్తే తప్ప అసలు ప్రమాదం అర్థం కాదు. దిబ్బ మీదుగా దాటి రాగల అల ఎత్తు అక్కడి నీటి లోతును బట్టి ఉంటుంది. లోతు తక్కువైతే పెద్ద అల విరిగిపోతుంది, చిన్నది మాత్రమే లోపలికొస్తుంది. గట్టు మీద ఒక మీటరు నీళ్లున్నాయనుకుందాం. పగడం చచ్చి, కొమ్మలు విరిగి, పైపొర అరిగి గట్టు అర మీటరు తగ్గింది. ఇప్పుడు లోతు ఒకటిన్నర మీటర్లు. దాటగల అల ఎత్తు కూడా ఒకటిన్నర రెట్లు. అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒడ్డుకు చేరేది రెండుంపావు రెట్లు. దీనికి తోడు బతికున్న దిబ్బ గరుకుగా, కొమ్మలతో, గుంతలతో ఉండి నీటిని రాపిడితో ఆపుతుంది. చచ్చిన దిబ్బ నున్నగా అయిపోతుంది. దిబ్బల పైన ఒక మీటరు పోతే ప్రపంచంలో తీరప్రాంత వరద నష్టం ఏడాదికి సగటున రెట్టింపవుతుందని 2018లో వచ్చిన అంచనా. అర మీటరు, మీటరు అన్న మాటలు అంత మామూలుగా వినిపించినా లెక్క ఇలా ఉంటుంది.

లక్షద్వీప్‌లో చాలా దీవులకు లగూన్ పడమటి వైపు ఉంటుంది, నేల తూర్పు అంచున ఉంటుంది. నైరుతి రుతుపవనాల అలలు పడమటి నుంచే వస్తాయి కాబట్టి ఊరికీ సముద్రానికీ మధ్య దిబ్బ, లగూన్ రెండూ అడ్డుంటాయి. ఆండ్రోత్‌కు ఆ భాగ్యం లేదు. విస్తీర్ణంలో అదే పెద్ద దీవి, కానీ లగూన్ లేదు. వర్షాకాలంలో అక్కడ పడవ దించడం ఎంత కష్టమో చూస్తే లగూన్ విలువ తెలుస్తుంది.

అయితే ఈ 97 శాతం గాలికి లేచే అలల గురించి. సునామీని ఈ లెక్కతో చూడకూడదు. దాని అల పొడవే వేరు, నీటిమట్టం మొత్తంగా లేచి దిబ్బ మీదుగా వచ్చేస్తుంది. 2004 డిసెంబరు 26 భూకంపం అండమాన్ నికోబార్‌లో దిబ్బలకు చేసిన దెబ్బ ఇంకో రకం. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల మీటరుకు పైగా లేచి దిబ్బలు నీటి బయటికొచ్చి ఎండలో చచ్చాయి. నికోబార్‌లో నేల కుంగింది. ఇందిరా పాయింట్ దగ్గర 4.25 మీటర్లు కుంగి దీపస్తంభం నీళ్లలో నిలబడింది.

గట్టును మనుషులే తవ్వి తగ్గించిన కథ చెన్నైకి దగ్గరలోనే ఉంది. తూత్తుకుడి, రామేశ్వరం మధ్య మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులుండేవి. సున్నం బట్టీలకు, ఫ్యాక్టరీలకు దశాబ్దాల పాటు పగడపు రాయి తవ్వి బండ్ల మీద తోలారు. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించాక కూడా తవ్వకం వెంటనే ఆగలేదు. పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు దీవులు నీటి కిందికి పోయాయి. తూత్తుకుడి ఎదురుగా ఉన్న వాన్ దీవి కూడా ఆ దారే పట్టి రెండు మూడు హెక్టార్లకు చిక్కిపోతే 2015-16లో తమిళనాడు ప్రభుత్వం దాని చుట్టూ వేల సంఖ్యలో కాంక్రీటు కృత్రిమ దిబ్బలు దించింది. వందల ఏళ్లు ఉచితంగా జరిగిన పనిని సిమెంటు పోసి చేయించడం అది. మాల్దీవుల రాజధాని మాలే ఇంకో ఉదాహరణ. దిబ్బ తలాన్ని పూడ్చి ఊరు పెంచుకున్నారు, రాయి తవ్వి ఇళ్లు కట్టుకున్నారు. 1987లో దూరపు తుఫాను అలలు ఊళ్లోకి వచ్చాయి. ఆ తర్వాత జపాన్ సాయంతో దీవి చుట్టూ గోడ కట్టుకోవాల్సి వచ్చింది.

బావిలో నీళ్లు

పగడపు దీవిలో మంచినీళ్లు ఎక్కడుంటాయి అన్నది చాలామందికి తట్టని ప్రశ్న. నది, చెరువు ఉండవు. వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ కటకం ఆకారంలో నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సాంద్రతల తేడాను బట్టి, సముద్రమట్టానికి పైన ఒక సెంటీమీటరు మంచినీటి మట్టం ఉంటే కింద సుమారు 40 సెంటీమీటర్ల మంచినీరు ఉంటుందని సూత్రం. ఇదే సూత్రం తిరగేస్తే, పైన మట్టం ఒక సెంటీమీటరు తగ్గేలా తోడితే కింద నుంచి ఉప్పునీరు 40 సెంటీమీటర్లు పైకొస్తుంది. చేద వేసి తోడినంత కాలం ఏమీ కాలేదు. బావికి మోటారు బిగించి ఒకే చోట నుంచి గుంజితే సరిగ్గా ఆ బావి కిందే ఉప్పునీరు మొనదేలి పైకి లేస్తుంది. చెన్నై ఉత్తరాన మింజూరు చుట్టుపక్కల బోర్లు ఉప్పగా మారింది ఇలాంటి తోడకం వల్లే. మింజూరుకు వెనక ఒక ఖండం ఉంది, ఎక్కడి నుంచో పైపు వేసుకోవచ్చు. లక్షద్వీప్ రాజధాని కవరత్తికి వెనక ఏమీ లేదు.

దిబ్బకూ దీనికీ సంబంధం రెండు రకాలు. మొదటిది దీవి వెడల్పు. ఒడ్డు కోసుకుపోయి దీవి సన్నబడితే నీటి కటకం అంతకంటే వేగంగా పలచబడుతుంది. రెండోది ఒడ్డు దాటే అల. తుఫానులో ఒక్కసారి సముద్రం ఊళ్లోకొచ్చి పల్లాల్లో నిలిస్తే ఉప్పు పైనుంచి దిగుతుంది. వానలు కడిగి మళ్లీ తాగే నీళ్లు కావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దీవిని ఖాళీ చేయాల్సిన రోజు నేల మునగక ముందే, బావి చెడిన రోజే వస్తుందని ఈ రంగంలో పనిచేసే చాలామంది అంచనా. ఆ మాటలో బలముంది.

చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ, దీనికి వెతికిన మార్గం దిబ్బ ఆకారం మీదే ఆధారపడింది. పగడపు దీవి అంచు గోడలా నిటారుగా దిగిపోతుంది. ఒడ్డు నుంచి కొన్ని వందల మీటర్లు పోతే చాలు, 350 మీటర్ల లోతు దొరుకుతుంది. అక్కడి నీరు 12 డిగ్రీలు, పైన 28. ఒక గదిలో పీడనాన్ని వాతావరణ పీడనంలో దాదాపు 40వ వంతుకు తగ్గిస్తే ఆ 28 డిగ్రీల నీరే కొంత ఆవిరవుతుంది. లోతు నుంచి తెచ్చిన చల్లటి నీరు పారే గొట్టాలకు తగిలి ఆ ఆవిరి మంచినీరవుతుంది. 2005లో కవరత్తిలో మొదటి ప్లాంటు, రోజుకు లక్ష లీటర్లు. 2011లో మినికాయ్, అగత్తి. తర్వాత మరికొన్ని దీవులు. ఉప్పు వడకట్టే మెంబ్రేన్లు అక్కర్లేదు, చిక్కటి ఉప్పునీరు లగూన్‌లోకి వదలాల్సిన పని లేదు. అదే చెన్నై పక్కన నెమ్మేలిలో రోజుకు పది కోట్ల లీటర్ల ప్లాంటు పెట్టినా ఈ పద్ధతి వాడలేరు. ఇక్కడ సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోతు లేకుండానే సాగుతుంది. లోతు గొట్టానికి ఉన్న కష్టం వేరే: వర్షాకాలపు అలల్లో అది ఒడ్డుకు చేరే చోట నిలబెట్టడం. అక్కడ అలను విరిచే దిబ్బ ఎంత గట్టిదైతే ఆ కట్టడానికి అంత ఆయుష్షు.

ఎర చేప లేకపోతే సూర లేదు

దిబ్బ చేపల గురించి అందరూ చెప్పేది జాతుల సంఖ్య: సముద్రం అడుగులో ఒక శాతం కూడా లేని దిబ్బల మీద సముద్ర జాతుల్లో నాలుగో వంతు ఆధారపడ్డాయని. దీవివాళ్లకు అసలైన లెక్క ఇంతకంటే చిన్నది, ఇంతకంటే సూటిది. మినికాయ్ పద్ధతి చూద్దాం. అక్కడ సూర చేపను, అంటే ట్యూనాను, వలతో కాదు, గెడతో పడతారు. తెల్లవారుజామునే లగూన్‌లో, పగడపు గుట్టల చుట్టూ వేలెడంత ఎర చేపలను వలతో ఎత్తుతారు. పడవ అడుగున తొట్టిలో వాటిని బతికే ఉంచుతారు. తొట్టికి రంధ్రాలుంటాయి, సముద్రపు నీరు వస్తూ పోతూ ఉంటుంది. పక్షులు మూగిన చోటికి వెళ్లి ఎర చేపలను చల్లుతారు, పడవ పక్కన నీళ్లు చిమ్ముతారు. కింద చేపల గుంపు ఉందని భ్రమపడి సూరలు పైకొస్తాయి. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు. గెడ ఒక్క విసురు విసిరితే చేప పడవలో పడి గాలం దానంతటదే ఊడిపోతుంది. గుంపు నిలిచేది కొన్ని నిమిషాలే, అందుకే విప్పుకుంటూ కూర్చునే వ్యవధి లేదు.

ఈ వేట మొత్తం లోతు సముద్రంలో జరుగుతుంది, కానీ మొదలు లగూన్‌లో. ఎర చేప దొరకని రోజు పడవ బయల్దేరదు. ఎర చేపల్లో చాలావాటికి కొమ్మల పగడమే దాక్కునే చోటు, వేడికి ముందుగా చచ్చేది ఆ కొమ్మల పగడమే. తొట్టిలో మరీ కిక్కిరిసి పోస్తే సగం చస్తాయి, మళ్లీ పట్టాలి. లగూన్ మీద భారం రెట్టింపు. చేపను కోసి, ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, కొబ్బరి పీచు పొగలో ఆరబెట్టి చెక్కలా గట్టిగా చేసిన మాసు ఏడాదంతా నిలవుంటుంది. వర్షాకాలంలో ఓడలు రాని రోజుల్లో ఇంట్లో ఉండే మాంసం అదే.

1960ల నుంచి ప్రభుత్వం ఈ గెడ వేటను మిగతా దీవులకు కూడా నేర్పించింది. తెలిసి చేసినా తెలియక చేసినా దాని వల్ల గొప్ప మేలు జరిగింది: జనం చూపు సూర మీద ఉండడంతో దిబ్బ చేపల జోలికి అంతగా పోలేదు. ఈ మధ్య ఆ సమతూకం చెడుతోంది. గ్రూపర్లకు, చిలకచేపలకు బయటి మార్కెట్ దొరికింది. గ్రూపర్ పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అవి గుడ్లు పెట్టడానికి ఒకేచోట గుమిగూడే రోజులు కనిపెట్టి వల వేస్తే ఒక తరం పోయినట్టే. చిలకచేప పోతే దెబ్బ రెండు వైపులా తగులుతుంది. పగడం మీద నాచు గొరిగేది లేక కొత్త పగడపు పిల్లలకు అతుక్కునే చోటుండదు, ఇసుక తయారీ కూడా తగ్గుతుంది. ప్లేటులో ఒక వేపుడు ముక్కకు ఇంత లెక్క ఎవరూ వేసుకోరు. దీవి పంచాయతీ వేసుకోక తప్పదు.

వేడి, గడువు

పగడం మామూలుగా తట్టుకునే వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక డిగ్రీ ఎక్కువై నాలుగు వారాలుంటే తెల్లబడడం మొదలవుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని డిగ్రీ-వారాల్లో కొలుస్తారు. ఒక చోట అత్యంత వేడి నెల సగటు 30 డిగ్రీలనుకోండి. 31 డిగ్రీలు నాలుగు వారాలుంటే నాలుగు డిగ్రీ-వారాలు, 32 డిగ్రీలు నాలుగు వారాలుంటే ఎనిమిది. నాలుగు దాటితే గట్టిగా తెల్లబడుతుంది, ఎనిమిది దాటితే పెద్ద ఎత్తున చావులు. వేడికి నాచు విషం లాంటి పదార్థాలు విడుదల చేస్తుంది. పాలిప్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. రంగు నాచుది కాబట్టి సున్నపు తెలుపు బయటపడుతుంది. అప్పటికి పగడం చావలేదు, పస్తులుంటోంది. కొన్ని వారాల్లో నీరు చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది. లేకపోతే ఒంటి మీద పచ్చటి బూజులాంటి నాచు పడుతుంది. అప్పుడు చచ్చినట్టు. తెల్లగా ఉన్న దిబ్బకు ఇంకా ఆశ ఉంది, మసిపచ్చగా మారినదానికి లేదు. ఫొటోల్లో చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు.

వేగంగా పెరిగే పగడాలతో దిబ్బ కోలుకోవడానికి కూడా పదేళ్లు కావాలి. లక్షద్వీప్‌లో పెద్ద వేడి 1998, 2010, 2016, 2024లలో వచ్చింది. మధ్య గడువులు పన్నెండేళ్లు, ఆరేళ్లు, ఎనిమిదేళ్లు. అగత్తి, కడమత్, కవరత్తి దగ్గర బతికున్న పగడం పరచుకున్న మేర 1998లో 37 శాతం ఉండగా 2022కు సుమారు 19 శాతానికి తగ్గింది, అదీ 2024 వేడి రాకముందు. 2023లో మొదలైన ప్రపంచవ్యాప్త తెల్లబాటులో ప్రపంచంలోని దిబ్బల్లో 84 శాతానికి ఆ స్థాయి వేడి తగిలింది. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా దిబ్బలు పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2018లో చెప్పింది.

అయినా దీవిలో ఉండేవాళ్లకు దిబ్బ చచ్చిన ఏడాది ఏమీ తేడా తెలియదు. సున్నపు అస్థిపంజరం అలాగే నిలబడి ఉంటుంది, అలను అలాగే విరుస్తుంది. పైగా నాచు పెరిగి కొన్నాళ్లు చిలకచేపలు పెరుగుతాయి, విరిగిన ముక్కలతో ఒడ్డుకు ఇసుక కూడా ఎక్కువొస్తుంది. సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు), రాయిని తొలిచే స్పాంజీలు లోపల్నుంచి గుల్ల చేస్తుంటాయి. అయిదారేళ్లకు కొమ్మలు రాలి గులకరాళ్లవుతాయి. పెరిగేది లేదు, అరిగేది ఉంది. సముద్రం ఏడాదికి నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతోంది. బాకీ వాయిదాల్లో వస్తుంది: ముందు ఎర చేప, తర్వాత ఒడ్డు, చివరికి బావి. మొదటి వాయిదా వచ్చినప్పుడు దాని కారణం ఎనిమిదేళ్ల నాటి ఏప్రిల్ అని ఎవరికీ గుర్తుండదు, ‘ఈమధ్య చేప పడటం లేదు’ అనుకుంటారు. అందుకే తెల్లబడిన ఏడాది నుంచే గట్టు లోతు, ఒడ్డు వెడల్పు, బావి ఉప్పదనం ఒకేచోట ఏటా కొలిచి రాసుకునే దీవికి ముందుచూపు ఉంటుంది. ఇందులో ఖరీదైన పరికరమేదీ లేదు. గుర్తు పెట్టిన రాయి, టేపు, ఉప్పు కొలిచే చిన్న మీటరు చాలు.

బాగుచేయడం, చెడగొట్టకపోవడం

పగడం నాటడం ఇప్పుడు బాగా పేరొచ్చిన పని. విరిగిన ముక్కలను వేలెడు పొడవు చూసి, కాంక్రీటు చట్రానికో ఇనప ఫ్రేముకో కట్టి, అదే లోతులో దించుతారు. ముక్క కదలకూడదు, కదిలితే రాసుకుని చస్తుంది. మొదటి నెలల్లో నాచు గీకాలి, పగడం తినే నత్తలను ఏరాలి. ప్రపంచంలో జరిగిన ప్రయత్నాలన్నీ కూర్చితే సగటున 66 శాతం బతికాయని లెక్క. కానీ వాటిలో ఎక్కువవాటిని ఏడాదిన్నర కూడా గమనించలేదు. ఇక్కడే అనుమానం రావాలి. వేగంగా పెరుగుతుందని కొమ్మల రకమే నాటుతారు, తర్వాతి వేడికి ముందు పోయేదీ అదే. తూత్తుకుడి తీరంలో, కొన్ని గజాల మేర, పడవ లంగరు దెబ్బ తగిలిన చోట ఇది పనికొస్తుంది. ఒక దీవి దిబ్బ మొత్తానికి మందు అనుకుంటే డబ్బు దండగ.

స్థానికంగా చేయగలిగినవి ఇంతకంటే తక్కువ ఆర్భాటంవి. మరుగుదొడ్ల గుంతలు ఇసుకలోకి వదిలే నీరు అటు బావికి, ఇటు లగూన్‌కు చేరుతుంది. అందులోని నత్రజని నాచుకు ఎరువు, పగడానికి శత్రువు. సీలు వేసిన ట్యాంకు రెండింటికీ మేలు. పడవల దారి కోసం లగూన్ తవ్వితే లేచే మట్టి రోజుల తరబడి పగడం మీద పడుతుంది. తవ్వక తప్పకపోతే వేడి నెలల్లో, పగడం గుడ్లు వదిలే రోజుల్లో తవ్వకూడదు. బయటి జాతులు తేవడం ఇంకో పొరపాటు. జెల్లీ తయారీకి తెచ్చి పాక్ అఖాతం తీరంలో సాగుచేసిన కప్పాఫైకస్ నాచు సాగుచోటు దాటి 2008 నాటికి కురుసడై దీవి పగడాల మీద దుప్పటిలా పాకింది. చేత్తో పీకితే తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది.

చెన్నై, బెంగళూరు నుంచి వెళ్లేవాళ్ల వంతు కూడా కాస్త ఉంది. అండమాన్‌లోని నీల్ దీవిలో (ఇప్పటి పేరు షహీద్ ద్వీప్) సహజ వంతెన అని పిలిచే రాతి తోరణం దగ్గరికి ఆటు సమయంలో దిబ్బ తలం మీద నడిచే వెళ్తారు. చెప్పుల కింద నలిగేది రాయిలా కనిపిస్తుంది, చాలాచోట్ల బతికున్న పగడం. ఇసుక ఉన్న గుంతల్లోనే అడుగు వేయాలి, నీటి మడుగుల్లో చేతులు పెట్టి రాళ్లు తిప్పకూడదు. తిప్పితే తిరిగి అలాగే పెట్టాలి, కింద ఉన్నవి ఎండకు చస్తాయి. స్నార్కెలింగ్‌లో ఎక్కువ దెబ్బ తగిలేది అలసి నిలబడినప్పుడు. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుంటే నిలబడాల్సిన పనే ఉండదు.

కొళత్తూరులో అక్వేరియం సామాను కొనేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. దిబ్బ కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న జాబితాలో చేర్చారు. తొట్టిలో పెట్టే బతికున్న పగడమైనా, అలంకారానికి అమ్మే ఎండు కొమ్మ అయినా, పాత రోజుల్లో తెచ్చిందని చెప్పినా చట్టం దృష్టిలో ఒకటే. అండమాన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయం స్కానర్‌లో ఎక్కువగా పట్టుబడేవి ఇలాంటివే: ఒడ్డున దొరికిందని, చచ్చిందే కదా అని, పిల్లలకు చూపిద్దామని సంచిలో వేసుకున్న అరచేయంత తెల్ల ముక్కలు. ఒడ్డున వదిలేస్తే అలలు దాన్ని కొన్నేళ్లలో నలిపి ఇసుక చేస్తాయి.